రైఫిల్ కింద పెట్టే సంచిలో ఏం నింపాలి: ఇసుకా, ప్లాస్టిక్ గుళికలా?

కాల్పులు సాధన చేసే రేంజ్‌లో బల్ల మీద పెట్టి కాల్చడానికైతే బాగా ఎండిన సన్న ఇసుక, భుజాన మోసుకుని తిరగాలంటే ప్లాస్టిక్ గుళికలు నింపాలి.

సంచి చేయాల్సిన పని రైఫిల్‌ను కదలకుండా పట్టి ఉంచడం. ఇసుక బరువైనది, పైగా రేణువులు ఒకదానికొకటి ఒరుసుకుని బిగుస్తాయి. అందుకే నొక్కిన ఆకారంలోనే సంచి నిలబడుతుంది, రైఫిల్ వెనక్కి తన్నినా పెద్దగా జరగదు. గుళికలు నున్నగా ఉండి కాస్త జారుతాయి. కానీ తేలిక, తడిసినా పాడవవు. మూడు లీటర్లు పట్టే సంచినే తీసుకోండి: ఇసుకతో దాదాపు నాలుగున్నర కిలోలు తూగుతుంది, గుళికలతో రెండు కిలోలు కూడా ఉండదు. బల్ల మీద ఆ బరువే మేలు, కొండెక్కేటప్పుడు అదే శిక్ష.

ఎక్కువమంది పొరబడేది మెత్తదనం దగ్గర. స్పాంజి, దూది, గుడ్డపీలికలు తన్నును మింగేస్తాయనుకుంటారు. నిజానికి అవి నొక్కితే అణిగి మళ్లీ పైకి లేస్తాయి, దాంతో గురి ఒక్కచోట నిలవదు. బియ్యం, పప్పులు పనికొస్తాయి గానీ కొన్నాళ్లకే పురుగు పడుతుంది, చెమ్మ తగిలితే బూజు. సముద్రపు ఇసుక అసలే వద్దు: అందులోని ఉప్పు చెమ్మను లాగుతుంది, సంచిలోంచి రాలితే ఇనుము తుప్పు పడుతుంది.

ఇంకొకటి, రైఫిల్ ముందు భాగం కింద ఒకటి, వెనక భాగం కింద ఒకటి పెడితే, ముందువైపు సంచిని గట్టిగా కూరండి. వెనకవైపు సంచిలో మాత్రం కొంచెం ఖాళీ వదలాలి, చేత్తో పిసికి గురిని పైకీ కిందికీ సర్దుకునేది దానితోనే.