పాఠకుల ప్రశ్నలు: ఛాలెంజర్ సింగిల్స్ గెలిస్తే ఏమొస్తుంది?

ప్రశ్న: 2024 జనవరిలో ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో మన టెన్నిస్ ఆటగాడు సుమిత్ నాగల్ 31వ సీడ్ అలెగ్జాండర్ బబ్లిక్‌ను ఓడించినప్పుడు దేశమంతా మాట్లాడుకుంది. అయినా అతను ర్యాంకింగ్స్‌లో తొలి వందమందిలోకి వచ్చింది మాత్రం మరుసటి నెల చెన్నైలో గెలిచిన ఛాలెంజర్ టోర్నీతోనే అని చదివాను. అంత పెద్ద విజయంతో దక్కనిది ఒక చిన్న టోర్నీతో ఎలా దక్కిందో వివరించగలరు.
– ఒక పాఠకుడు, గుడివాడ

జవాబు: పురుషుల టెన్నిస్‌ను నడిపే సంఘమైన ఏటీపీ ర్యాంకింగ్ లెక్కలో ఎదుటి ఆటగాడు ఎంతటివాడన్న దానికి విలువ లేదు. ఏ స్థాయి టోర్నీలో ఏ రౌండు దాకా వెళ్లాడన్నదే లెక్క. ఆస్ట్రేలియన్ ఓపెన్ జరిగే మెల్‌బోర్న్‌లో నాగల్ ముందస్తు అర్హత (క్వాలిఫయింగ్) పోటీల్లో మూడు మ్యాచ్‌లు గెలిచి ప్రధాన డ్రాలోకి, అంటే అసలు పోటీలోకి వచ్చాడు, అందుకు 30 పాయింట్లు. బబ్లిక్‌పై గెలిచి రెండో రౌండు చేరినందుకు మరో 50. మొత్తం 80. చెన్నైలో ఆడింది ‘ఛాలెంజర్ 100’ స్థాయి టోర్నీ. ఛాలెంజర్లంటే ఏటీపీ ప్రధాన టోర్నీలకు కింది అంచె పోటీలు. వాటిలో 50, 75, 100, 125, 175 అని అయిదు స్థాయులున్నాయి, పేరులోని అంకె విజేతకు దక్కే పాయింట్లను చెబుతుంది. ఆ లెక్కన చెన్నై టైటిల్ విలువ 100.

ఆ 100 పాయింట్లు ఎలా పోగవుతాయో చూస్తే ఈ పోటీ ఎంత కఠినమైనదో తెలుస్తుంది. సింగిల్స్ ప్రధాన డ్రాలో 32 మంది ఉంటారు. మొదటి రౌండులో ఓడితే ఆ రౌండుకు పాయింట్లేమీ రావు. అంటే ఖండాలు దాటి వచ్చిన వారిలో సగం మందికి బుధవారం తెల్లవారకముందే ఆ వారం సింగిల్స్ ముగిసిపోతుంది. రెండో రౌండులో ఓడితే 7, క్వార్టర్ ఫైనల్లో ఓడితే 14, సెమీస్‌లో 25, ఫైనల్లో ఓడితే 50. కనుక ఆఖరి మ్యాచ్ ఒక్కటే 50 పాయింట్ల విలువ చేస్తుంది, అంతకుముందు నాలుగు రోజులూ చెమటోడ్చి కూడబెట్టినదంతా కలిపితే ఎంతో అంత. నుంగంబాక్కం స్టేడియంలో 2024 ఫిబ్రవరి 11న నాగల్ ఆ మ్యాచ్‌ను 6-1, 6-4తో ఇటలీ కుర్రాడు లూకా నార్డిపై గెలిచాడు. వారమంతా ఒక్క సెట్ కూడా చేజార్చుకోలేదు. భారీ సర్వీసుతో పాయింట్లు తెచ్చుకునే ఆటగాడు కాడతను. పరుగెత్తి, బంతిని మళ్లీ మళ్లీ వెనక్కి పంపి, ఫోర్‌హ్యాండ్‌కు చోటు దొరికేదాకా ఓపిక పట్టే ఆట అతనిది. అలాంటి ఆటతో సొంత గడ్డమీద, అందరూ టైటిల్ ఆశించే వేళ సెట్ ఇవ్వకుండా గెలవడాన్ని నేను బబ్లిక్‌పై విజయం కన్నా తక్కువగా చూడను.

మరునాటి జాబితాలో అతని స్థానం 121 నుంచి 98కి చేరింది. 2019లో ప్రజ్ఞేష్ గుణేశ్వరన్ తర్వాత పురుషుల సింగిల్స్‌లో తొలి వందలోకి వచ్చిన భారతీయుడు అతనే. గ్రాండ్‌స్లామ్ సింగిల్స్‌లో ఆడే 128 మందిలో 104 మందిని ర్యాంకును బట్టే తీసుకుంటారు, మిగిలినవి 16 మంది క్వాలిఫయర్లకు, నిర్వాహకులు నేరుగా పిలిచే 8 మంది వైల్డ్ కార్డు ఆటగాళ్లకు. అందువల్ల వంద అన్నది వట్టి గౌరవ సంఖ్య కాదు. ఆ ఏడాది ఫ్రెంచ్ ఓపెన్, వింబుల్డన్, యూఎస్ ఓపెన్ మూడింటిలోనూ నాగల్ క్వాలిఫయింగ్ ఆడే పనిలేకుండా నేరుగా ప్రధాన డ్రాలో అడుగుపెట్టాడు. జూన్‌లో జర్మనీలోని హైల్‌బ్రాన్ ఛాలెంజర్ కూడా గెలిచి, జూలైలో 68వ ర్యాంకు దాకా ఎగబాకాడు.

అయితే ఈ పాయింట్లకు ఆయుష్షు 52 వారాలే. 2025 ఆస్ట్రేలియన్ ఓపెన్ మొదటి రౌండులో ఓడిపోగానే, కిందటేడు అక్కడ సంపాదించిన 80 జాబితాలోంచి తొలగిపోయాయి. అతను మళ్లీ వంద దాటి కిందికి జారాడు.

ప్రశ్న: ఛాలెంజర్లలో ఆడేవారు ద్వితీయశ్రేణి ఆటగాళ్లే కదా, ఆ టైటిళ్లకు అంత ప్రాముఖ్యం ఇవ్వడం సబబేనా?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: చెన్నై ఫైనల్లో ఓడిన నార్డి సంగతే తీసుకోండి. సరిగ్గా నెల తర్వాత ఇండియన్ వెల్స్‌లో అతను క్వాలిఫయింగ్ చివరి రౌండులో ఓడిపోయాడు. మరో ఆటగాడు తప్పుకోవడంతో ‘లక్కీ లూజర్’గా ప్రధాన డ్రాలో చోటు దొరికింది. అక్కడ 123వ ర్యాంకుతో నొవాక్ జొకోవిచ్‌ను 6-4, 3-6, 6-3తో ఓడించాడు. ఛాలెంజర్ ఫైనల్లో ఒక సెట్‌లో ఒకే గేమ్ దక్కించుకున్నవాడు ప్రపంచ నంబర్ వన్‌ను ఓడించగలిగాడంటే, ఈ రెండు అంచెల మధ్య గోడ ఎంత పలచనో మీరే చెప్పగలరు. యానిక్ సినర్ 2019లో వైల్డ్ కార్డుతో వచ్చి, పదిహేడేళ్ల వయసులో బెర్గమో ఛాలెంజర్ గెలిచాడు. కార్లోస్ అల్కరాజ్ మొదటి ఛాలెంజర్ టైటిల్ 2020లో ట్రియెస్టెలో వచ్చింది. తర్వాత ప్రపంచ నంబర్ వన్‌లైన ఈ ఇద్దరూ ఈ మెట్టు ఎక్కే పైకి వెళ్లారు.

ప్రశ్న: ఈ టోర్నీలతో ఆటగాళ్లకు బతుకుతెరువు గడుస్తుందా?
– ఒక విద్యార్థి, అనంతపురం

జవాబు: కష్టమే. మెల్‌బోర్న్‌లో రెండో రౌండులో ఓడిన నాగల్‌కు 1,80,000 ఆస్ట్రేలియన్ డాలర్లు దక్కాయి. చెన్నైలో సింగిల్స్, డబుల్స్ ఆటగాళ్లందరికీ కలిపి పంచిన మొత్తం లక్షా ముప్పై వేల అమెరికన్ డాలర్ల పైచిలుకు మాత్రమే. పాయింట్లు ఎక్కువిచ్చిన టోర్నీ డబ్బు ఎన్నో రెట్లు తక్కువిచ్చిందన్నమాట. కోచ్, ఫిజియో, విమాన టికెట్లు అన్నీ ఆటగాడే భరించాలి. 2023 సెప్టెంబరులో, దేశపు నంబర్ వన్‌గా ఉండి కూడా, తన ఖాతాలో 900 యూరోలే మిగిలాయని నాగల్ బాహాటంగా చెప్పుకోవలసి వచ్చింది. ఆ మాట చదివి నేను చాలా బాధపడ్డాను. 2024 నుంచి ఏటీపీ ఒక కనీస ఆదాయ పథకం అమలు చేస్తోంది. 2024లో తొలి వందమందికి ఏడాదికి 3,00,000 డాలర్లు, 101 నుంచి 175 వరకు 1,50,000, 176 నుంచి 250 వరకు 75,000 డాలర్ల కన్నా సంపాదన తగ్గితే ఆ లోటును పూడుస్తామంది. ఇది మంచి అడుగు, కానీ 250 దాటినవారికి ఇందులో చోటు లేదు. మన కుర్రాళ్లలో ఎక్కువమంది అక్కడే ఉన్నారు.

ప్రశ్న: తెలుగువారెవరైనా ఛాలెంజర్ సింగిల్స్ గెలిచారా?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: గెలిచారు. ఉయ్యూరులో పుట్టిన సాకేత్ మైనేని 2014లో ఇండోర్ ఛాలెంజర్ సింగిల్స్ టైటిల్ సాధించాడు. అదే ఏడాది ఇంచియాన్ ఆసియా క్రీడల్లో సానియా మీర్జాతో కలిసి మిక్స్‌డ్ డబుల్స్ స్వర్ణం గెలిచాడు గనుక చాలామందికి ఆ స్వర్ణమే గుర్తుంది, ఇండోర్ గుర్తులేదు. 2016లో యూఎస్ ఓపెన్ క్వాలిఫయింగ్ దాటి ప్రధాన డ్రాలో ఆడాడు. మొదటి రౌండులో చెక్ ఆటగాడు జిరి వెసెలీతో అయిదు సెట్లు పోరాడి ఓడిపోయాడు.

ప్రశ్న: ఈ మ్యాచ్‌లు ఎక్కడ చూడవచ్చు?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ఏటీపీ వెబ్‌సైట్‌లోని ఛాలెంజర్ టీవీ విభాగంలో ప్రత్యక్షంగా, ఉచితంగా చూడవచ్చు. ఒక్క మ్యాచ్‌కే తీరిక ఉంటే ఫైనల్ కన్నా క్వాలిఫయింగ్ చివరి రౌండును ఎంచుకోమంటాను.