గోల్ఫ్ కోర్సు మెయింటెనెన్స్ ఉద్యోగమంటే అసలు ఏం పని, ఏం తెలిసుండాలి?

అడిగినాయన తమ్ముడు హిందూపురంలో వ్యవసాయ డిప్లొమా చేసి ఖాళీగా ఉన్నాడట. బెంగళూరులో ఒక గోల్ఫ్ కోర్సుకి గ్రౌండ్ స్టాఫ్ కావాలని కాంట్రాక్టరు పిలిచాడట, ఏం పనయ్యా అంటే "గడ్డి పని" అని ఒక్క ముక్కలో తేల్చేశాడట. పంపాలా వద్దా, ఏం నేర్చుకుని వెళ్లాలి అని అడుగుతున్నారు. నాది మదనపల్లె, బెంగళూరు శివార్లలో ఒక కోర్సులో తొమ్మిదేళ్లుగా ఉన్నా, బంకర్లలో, అంటే కోర్సులో ఉండే ఇసుక గుంతల్లో, ఇసుక చదును చేసే పనితో మొదలుపెట్టి ఇప్పుడు మందులు కొట్టే టీమ్ చూసుకుంటున్నా, కాబట్టి కాస్త పెద్దగానే రాస్తాను.

బెంగళూరుకి గోల్ఫ్ కొత్తేమీ కాదు, ఇక్కడ 1876 నుంచే క్లబ్ ఉంది. అయినా మన కాంట్రాక్టర్లకి ఇది ఇప్పటికీ గడ్డి పనే. అబద్ధం కాదు గానీ, హోటల్లో "వంటింటి పని" అన్నట్టుంటుంది. దోసె మాస్టరుదీ వంటింటి పనే, గిన్నెలు కడిగేవాడిదీ వంటింటి పనే. కాబట్టి ముందు అడగాల్సింది జీతం కాదు, ఏ టీమ్‌లో వేస్తున్నారని. గ్రీన్ల మీదా, ఫెయిర్‌వేల మీదా (బంతి కొట్టే చోటి నుంచి గ్రీన్ దాకా ఉండే గడ్డి దారి), బంకర్లలోనా, నీళ్లా, మందులా, వర్క్‌షాపా? ఒక్కోదానికి ఒక్కో చెయ్యి కావాలి.

గ్రీన్ అంటే జెండా పాతి ఉండే నున్నటి చోటు. అక్కడ గడ్డిని మూడు నాలుగు మిల్లీమీటర్ల ఎత్తులో కోస్తాం, అంటే రెండు రూపాయి బిళ్లలు ఒకదాని మీద ఒకటి పెడితే దాదాపు అంత. పొలాలున్న ఇంటి పిల్లలకి నవ్వొచ్చే సంగతేంటంటే, ఆ గడ్డి మన గరిక జాతే. చవితికి పత్రిలో పెట్టే గరికకి ఆఫ్రికా గరికని కలిపి అమెరికాలో తయారుచేసిన సంకర రకాలు ఇక్కడ ఎక్కువ. వాటికి పనికొచ్చే విత్తనం రాదు, తీగ ముక్కలు నాటే పెంచాలి. మా నాన్న వేరుశెనగ చేలో గరిక పీకీ పీకీ నడుం పోగొట్టుకున్నారు. దాన్నే పెంచినందుకు నాకు జీతమిస్తున్నారని మొదటి నెల ఫోన్ చేసి చెబితే కాసేపు మాట్లాడలేదు, తర్వాత "మన చేనికొచ్చి పెంచకురా నాయనా" అన్నారు.

పని పొద్దున ఐదున్నరకే మొదలు. ఆటగాళ్లు వచ్చేలోపు గ్రీన్ల మీద మంచు దులపాలి, తడి అలాగే ఉంటే కోత సరిగ్గా రాదు, బూజు తెగుళ్లూ త్వరగా పట్టుకుంటాయి. తర్వాత కోత. నిన్న ఏ దిక్కుగా కోశామో ఇవాళ అటు కోయకూడదు, రోజూ ఒకే వైపు నడిపితే గడ్డి ఆ వైపే పడుకుంటుంది, బంతి కూడా అటే లాగుతుంది. మూవర్ (గడ్డి కోసే యంత్రం) బ్లేడు పదును చూడటానికి పేపర్ ముక్క పెట్టి చేత్తో తిప్పుతాం, కత్తెరలాగా తెగితే సరే, నలిగితే మళ్లీ సెట్ చేయాలి. దీనికి డిప్లొమా అక్కర్లేదు, ఓపిక కావాలి.

నన్నడిగితే కొత్తవాడి చెయ్యి ఎలాంటిదో తెలిసేది కప్పు, అంటే గ్రీన్‌లో బంతి పడే గుంత, మార్చే పనిలో. గుంత వెడల్పు నాలుగుంపావు అంగుళాలు, ప్రపంచంలో ఎక్కడైనా అంతే. దాని అంచు చుట్టూ అందరూ తొక్కుతారు కాబట్టి తరచూ గుంత చోటు మార్చాలి. కట్టర్‌ని నిలువుగా దించి, తిప్పి, మట్టీ గడ్డీ కలిసిన ముద్దని పైకి తీసి, దాన్ని తీసుకెళ్లి పాత గుంతలో కూర్చాలి. కష్టమంతా ఇక్కడే. ముద్ద కొంచెం పైకి ఉంటే మర్నాడు మూవర్ దాని తల గొరిగేస్తుంది, గోధుమ రంగు బిళ్ల తేలుతుంది. కిందికి ఉంటే బంతి అక్కడ ఎగురుతుంది. మా దగ్గరున్న కోలారు పెద్దాయన ముద్ద పెట్టాక కళ్లు మూసుకుని అరచేత్తో తడుముతాడు, అంచు ఎక్కడుందో చేతికి తెలియకపోతేనే లేస్తాడు. నేను ఆయన వెనకాల రెండు నెలలు నీళ్ల క్యాన్ మోసుకుంటూ తిరిగాను, నేర్చుకున్నదంతా ఆ రెండు నెలల్లోనే.

ఇప్పుడు నా తప్పొకటి చెబుతా. మూడో ఏడు నాకు కూర్చుని నడిపే మూవర్ ఇచ్చారు. ఒక పొద్దున హైడ్రాలిక్ ట్యూబు చీలి నూనె కారుతోంది, నేను వెనక్కి తిరిగి చూసుకోలేదు. గ్రీన్ చివర తిరిగేటప్పుడు చూస్తే పొడుగ్గా తడి గీత. మంచేలే అని నాకు నేనే చెప్పుకున్నా, మంచు దులిపింది నేనేనని తెలిసి కూడా! ఎవరికీ చెప్పలేదు. ఆ నూనె వేడిగా ఉంటుంది, గడ్డిని మాడ్చేస్తుంది. రెండు మూడు రోజులకల్లా గ్రీన్ మీద స్కేలు పెట్టి గీసినట్టు ఎర్రటి గీత, అదీ క్లబ్‌లో పోటీ ఉన్న వారం. సూపరింటెండెంట్ నూనె కారినందుకు ఏమీ అనలేదు, ట్యూబులు ఎవరికైనా చీలుతాయి. చెప్పనందుకు నన్ను ఆరు నెలలు బండి ఎక్కనివ్వలేదు. నర్సరీ గ్రీన్ (ఇలాంటి మరమ్మతుల కోసం విడిగా పెంచే గడ్డి మడి) నుంచి గడ్డి ముద్దలు తెచ్చి ఆ గీత పొడుగునా ఒక్కొక్కటే నాటింది నేనే. అందుకే ఈ పనికి ఏం తెలిసుండాలంటే ముందు వెనక్కి తిరిగి చూసుకోవడం అంటాను, చూసింది వెంటనే నోరు తెరిచి చెప్పడం కూడా.

డిప్లొమా ఉపయోగపడేది నా టీమ్‌లాంటి చోట. లెక్క రావాలి. ఉదాహరణకి 500 చదరపు మీటర్ల గ్రీన్‌కి చదరపు మీటరుకి 2 గ్రాముల నత్రజని వేయమన్నారనుకోండి, మొత్తం కిలో నత్రజని, యూరియాలో 46 శాతమే ఉంటుంది కాబట్టి దాదాపు 2 కిలోల 170 గ్రాముల యూరియా తూచాలి. పొలంలో గుప్పెడు అటూ ఇటూ అయినా పంట సర్దుకుంటుంది, ఇక్కడ గుప్పెడు ఎక్కువ పడినచోట మచ్చ వస్తుంది. పురుగుందని అనుమానం వస్తే మందు డబ్బా తీయడం కాదు, సబ్బునీళ్లు పోసి ఐదు నిమిషాలు చూడాలి, లోపల లద్దెపురుగుంటే పైకి వచ్చేస్తుంది. మాస్కూ గ్లోవ్సూ ఉక్కపోస్తాయి, నిజమే, అయినా వాటిని జేబులో పెట్టుకుని మందు కొట్టేవాణ్ణి నేను టీమ్‌లో ఉంచుకోను.

ఇక బంకర్లు రోజూ చదును చేయడం, ఫెయిర్‌వేలో దెబ్బకి గడ్డి లేచిపోయిన చోట ఇసుక నింపడం, స్ప్రింక్లర్లలో చెత్త తీయడం, ఇవన్నీ వారంలో వచ్చేస్తాయి. ఏడాదిలో కొన్నిసార్లు గ్రీన్లకి బెజ్జాలు పొడిచి ఇసుక పోస్తాం, మట్టి గట్టిపడకుండా. ఆ వారం అందరి నడుములూ పోతాయి, పైగా పచ్చటి గ్రీన్‌ని పాడుచేశారని మెంబర్ల చేత మాటలు కూడా పడాలి.

ఆటకి సంబంధించి ఒక్కటి తప్పకుండా చెప్పి పంపండి. ఎవరైనా కొట్టడానికి నిలబడితే బండి ఆపి అటు చూస్తూ ఉండాలి. "ఫోర్" అని అరుపు వినిపిస్తే, అంటే బంతి మీ వైపు వస్తోందని హెచ్చరిక, తల ఎత్తి ఎవరు అని చూడకూడదు, చేతులతో తల కప్పుకుని వంగిపోవాలి. మేలో ఉరుములు మొదలైతే చెట్టు కిందికి పరిగెత్తకూడదు, షెడ్డుకే రావాలి.

భాష గురించి బెంగ పెట్టుకోకండి, మా దగ్గర సగం మంది అనంతపురం, చిత్తూరు, కోలారు వాళ్లే, తెలుగులోనే నడిచిపోతుంది. రెండు మూడేళ్లలో కాస్త కన్నడం, మందు డబ్బా మీద లేబుల్ చదివేంత ఇంగ్లీషు వస్తే పైకి వెళ్లొచ్చు.

కాంట్రాక్టర్ని మాత్రం ఇవి అడగండి: పీఎఫ్, ఈఎస్ఐ ఎవరి పేరు మీద కడతారు, పొద్దున ఐదుకి చేరడానికి బండి ఉందా లేక గది దగ్గర్లోనే ఇస్తారా, బూట్లు ఎవరు కొంటారు. రెయిన్‌కోటు మాత్రం మంచిది ఒకటి ఇంటి దగ్గరే కొని పంపించండి, వాళ్లిచ్చేది భుజాల దగ్గర కారుతుంది.