ప్లాను ఇంటికి, అద్దె కోచింగ్‌కి

ప్రశ్న: హనుమకొండలో మాకు జీ ప్లస్ త్రీ ఇల్లుంది. రెండో అంతస్తును (1,800 చదరపు అడుగులు) కోచింగ్ సెంటర్‌కి అడుగుతున్నారు. బ్యాచ్‌కి 90 మంది ఉంటారట. మెట్లు ఒకవైపే, వెడల్పు మూడున్నర అడుగులు. ప్లాను రెసిడెన్షియల్‌గా పాసైంది. స్లాబు గట్టిగానే ఉంది. ఇవ్వొచ్చా?

జవాబు: స్లాబు గట్టిదని ఎలా తేల్చారో గానీ, ఇంటి గదులకు చదరపు మీటరుకు 200 కిలోల బరువు పట్టేలా డిజైన్ చేస్తారు, తరగతి గదులకు 300. ముందు ఆ లెక్క స్ట్రక్చరల్ ఇంజనీర్‌తో చూపించుకోండి.

అంతకన్నా పెద్ద చిక్కు మెట్లతో ఉంది. 2016 నేషనల్ బిల్డింగ్ కోడ్ (దేశవ్యాప్త భవన నిర్మాణ ప్రమాణాల పుస్తకం) భవనాలను వాడకాన్ని బట్టి ఏ నుంచి జె దాకా గ్రూపులు చేసింది (మధ్యలో ఐ లేదు). మీ ఇల్లు ‘ఏ’ గ్రూపులో, అంటే నివాస భవనాల్లో ఉంది. కోచింగ్ పెట్టగానే ఆ అంతస్తు బి గ్రూపులోకి, అంటే విద్యాసంస్థల్లోకి పోతుంది. గోడలు అవే, లెక్కలు వేరు.

1,800 అడుగులంటే 167 చదరపు మీటర్లు. ఇంటికి మనిషికి 12.5 మీటర్ల లెక్కన 14 మంది. విద్యాసంస్థకు 4 మీటర్ల లెక్కన 42 మంది. 42 పరిమితి కాదు. నిజంగా 90 మంది కూర్చుంటే దారులన్నీ 90 మందికే లెక్క కట్టాలి. ఇక్కడ ఒక మెలిక ఉంది. మెట్లకు మనిషికి 10 మి.మీ. చొప్పున 900 మి.మీ. చాలు, మీకు 1,067 ఉన్నాయి కదా అని ఎవరైనా కాగితం మీద చూపిస్తారు. నమ్మకండి. విద్యాసంస్థకు మెట్ల కనీస వెడల్పు ఒకటిన్నర మీటర్లు, దాదాపు అయిదడుగులు. రెండు లెక్కల్లో ఏది ఎక్కువైతే అదే వర్తిస్తుంది. 45 మందికి మించి కూర్చునే గదికి రెండు తలుపులూ ఉండాలి.

బయట ఇనుప మెట్లు వేయిస్తామంటారేమో. వేస్తే వెడల్పు 1.25 మీటర్లు, మెట్టు ఎత్తు 190 మి.మీ. లోపు, అడుగు పెట్టే చోటు 250 మి.మీ. ఉండాలి. అవి వేసినా లోపలి మెట్ల కొరత తీరదు. పైగా వాడకం మారుస్తున్నట్టు మున్సిపాలిటీ అనుమతి కావాలి. జనం చేరే భవనం 6 మీటర్ల ఎత్తు దాటితే అగ్నిమాపక శాఖ క్లియరెన్స్ కూడా.

2019 మే 24న సూరత్‌లో కోచింగ్ క్లాసులున్న పై అంతస్తుకు మంటలు ఎక్కి 22 మంది పిల్లలు పోయారు. దిగే దారి మూసుకుపోతే కిటికీల్లోంచి దూకారు. మీ మెట్ల కింద మీటరు బోర్డు ఉంటే, అక్కడ షార్ట్ సర్క్యూట్ అయిందంటే పొగ నేరుగా ఆ ఒక్క దారిలోకే ఎక్కుతుంది. ఉన్న ఇంటిని ఉన్నట్టుగా అయితే ఇవ్వకండి.

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్ స్టిల్ట్‌లో (కింద స్తంభాల మధ్య పార్కింగ్‌కి వదిలిన చోట్లో) ఒకాయన పెయింటు, థిన్నర్ డ్రమ్ములు పెడుతున్నారు. పది డ్రమ్ములే, ఏం కాదంటున్నారు.

జవాబు: ఒకే భవనంలో రెండు రకాల వాడకాలు ఉంటే, ఎక్కువ ప్రమాదం ఉన్నదాని నిబంధనలే మొత్తం భవనానికి వర్తిస్తాయి. నిప్పును ఆపే గోడ కట్టి వేరు చేస్తే తప్ప విడివిడిగా చూడరు. స్టిల్ట్‌కి ఆ గోడ ఎక్కడిది? మెట్లూ లిఫ్టూ అక్కడే తెరుచుకుంటాయి. థిన్నర్ ఆవిరి గాలికన్నా బరువు. నేల వెంట పాకి లిఫ్టు గుంతలోకి దిగుతుంది. స్విచ్ నిప్పురవ్వ చాలు. 2023 నవంబరు 13న హైదరాబాద్ బజార్‌ఘాట్‌లో అపార్ట్‌మెంట్ కింద నిల్వ ఉంచిన రసాయన డ్రమ్ములు అంటుకుని పై అంతస్తుల వాళ్లు చనిపోయారు.

ఆయనకు అసోసియేషన్ తరఫున గడువు పెట్టి నోటీసు ఇవ్వండి. తీయకపోతే డ్రమ్ముల ఫొటోలతో, మెట్లు, లిఫ్టు ఎంత దూరంలో ఉన్నాయో రాసి అగ్నిమాపక కేంద్రంలోనూ మున్సిపల్ ఆఫీసులోనూ ఫిర్యాదు ఇచ్చి, రసీదు తీసుకోండి.