ఒక్క నిబంధన మార్చు

అమ్మా,

నీ నవల మొదటి అధ్యాయం దగ్గరే నాకు ఒళ్లు మండింది. 1973 జూన్ 27న ఉరుగ్వే రాజధాని మాంటెవిడియోలో పార్లమెంటును మూయడానికి బయలుదేరిన దళాన్ని నీ కుర్ర కెప్టెన్ ఒక్క ఉపన్యాసంతో వెనక్కి తిప్పేస్తాడు. అక్కడి నుంచి ఆ దేశం 12 ఏళ్ల నియంతృత్వం ఊసే లేకుండా హాయిగా సాగిపోతుంది. ఎలా నమ్మమంటావు? కొరియా యుద్ధం తర్వాత ఆ దేశం అమ్ముకునే ఉన్నికి గిరాకీ పడిపోయింది. జీతాలు ధరలను అందుకోలేకపోయాయి. టుపమారో గెరిల్లాలను అణిచే పేరుతో సైన్యం అప్పటికే అధికారం రుచి మరిగింది. ఇవన్నీ ఒక కెప్టెన్ మాటలకు కరిగిపోతాయా?

వీరుణ్ని తెచ్చి చరిత్ర మార్చడం నాకు గిట్టదు. ఒక్క నిబంధన మార్చు, చాలు. అది నీ చేతిలోనే ఉంది, నువ్వే రెండు వాక్యాల్లో తోసిపారేశావు. 1971 నవంబరు ఎన్నికల్లో ఒకే పార్టీ నుంచి అధ్యక్ష పదవికి పలువురు నిలబడవచ్చు. వాళ్ల ఓట్లు కలిపితే ఏ పార్టీకి ఎక్కువో, అందులో ముందున్నవాడే అధ్యక్షుడు. బ్లాంకో పార్టీ విల్సన్ ఫెర్రెయిరాకు 4 లక్షల పైచిలుకు ఓట్లు వచ్చాయి, కొలరాడో పార్టీ బోర్డబెర్రీకి 4 లక్షల లోపే. అయినా పార్టీ మొత్తాల్లో సుమారు 13 వేల తేడాతో పీఠమెక్కింది బోర్డబెర్రీ. రెండేళ్లు తిరగకుండా పార్లమెంటును రద్దు చేసింది ఆయనే. ఆ పద్ధతిని 1996లో ఆ దేశమే ఎత్తేసింది. అదే పని పాతికేళ్ల ముందు జరిగిందనుకో.

ఆ ఓటరును చూపించు. తలుపు మూసిన గదిలో నంబర్లు వేసిన జాబితా కాగితాలు పేర్చి ఉంటాయి. ఒక గృహిణి ఇంటి అలవాటు కొద్దీ 15వ నంబరు కాగితం తీసి కవరులో పెడుతుంది. ఆమె ఓటు కొలరాడోలోనే మరో అభ్యర్థి హోర్హే బాట్లేకు. గెలిపించింది మాత్రం బోర్డబెర్రీని.

నా తొలి నవలలో పంచాయతీ ఓట్ల లెక్కింపు ఘట్టం ఉండేది. "లెక్కలెవరు చదువుతారు, ఒక హత్య పెట్టండి" అంటూ ఒక వారపత్రిక సంపాదకుడు దాన్ని కోసేశాడు. ఆ కోపం నాకింకా చల్లారలేదు. ఇప్పటికీ మొదటి పేజీలోనే నెత్తురు పారాలనేవాళ్లే ఎక్కువ. వాళ్ల కోసం రాయకు.

ఫెర్రెయిరా గెలిచినంత మాత్రాన కథ సుఖాంతం కాదు. ఆయన భూసంస్కరణలు తెస్తానన్నాడు. పెద్ద పెద్ద పశుక్షేత్రాల యజమానులు చేతులు కట్టుకు కూర్చుంటారా? 1973 ఫిబ్రవరిలో బోర్డబెర్రీ నియమించిన రక్షణ మంత్రిని సైన్యాధికారులు ఒప్పుకోలేదు, బోర్డబెర్రీ తలొగ్గాడు. అదే సైన్యం ఫెర్రెయిరా గుమ్మంలోకి వస్తే? ఆయన లొంగుతాడా, కార్మిక సంఘాలను వీధుల్లోకి పిలుస్తాడా, పిలిస్తే బ్లాంకో నాయకుడి మాట అవి వింటాయా? నీ నవల ఉన్నది అక్కడ. ముందు ఆ అధ్యాయం రాసి పంపు, మిగతావి తర్వాత చూద్దాం.

ఆశీస్సులతో.