టెక్ సందేహాలు: మూడు రోజుల సదస్సుకు మూడు రోజులూ కారు కావాలా?

ప్రశ్న: నేను విశాఖలో ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతాను. వచ్చే నెల నీరుకొండలో ఉన్న యూనివర్సిటీలో మూడు రోజుల సదస్సు ఉంది. క్యాంపస్ గెస్ట్‌హౌస్ నిండిపోయిందన్నారు. అందుకని విజయవాడలో బెంజి సర్కిల్ దగ్గర హోటల్ తీసుకున్నాను. రెండో రోజు సాయంత్రం గుంటూరు బ్రాడీపేటలో మా పెద్దమ్మను చూసి రావాలి. ఒక సెల్ఫ్ డ్రైవ్ యాప్‌లో చిన్న కారుకు మూడు రోజులకు 7,200 రూపాయలు చూపిస్తోంది. తీసుకోమంటారా? డ్రైవింగ్ వచ్చు కానీ హైవే అంటే కొంచెం టెన్షన్. ఏ యాప్ మంచిదో కూడా చెప్పండి.
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: యాప్ సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ కారు మీ దగ్గర ఎన్ని గంటలు తిరుగుతుందో లెక్క వేయండి.

బెంజి సర్కిల్ నుంచి కృష్ణ మీది వారధి దాటి, మంగళగిరి దగ్గర హైవే దిగి, కురగల్లు మీదుగా నీరుకొండకు సుమారు 21 కిలోమీటర్లు. మొదటి రోజు, మూడో రోజు పోనూ రానూ కలిపి 84. రెండో రోజు పొద్దున 21, సాయంత్రం అక్కణ్ణుంచి గుంటూరుకు 27 దాకా, గుంటూరు నుంచి విజయవాడకు 34. మొత్తం 166. అటూ ఇటూ తిరిగేది కలిపి 180 అనుకుందాం. ఎంత ట్రాఫిక్ ఉన్నా ఆరు గంటల ప్రయాణం. మీరు డబ్బు కట్టేది 72 గంటలకు. మిగతా 66 గంటలూ ఆ కారు క్యాంపస్‌లో చెట్టు కిందో, హోటల్ సెల్లార్‌లోనో నిద్రపోతుంది. దాని నిద్రకు కూడా అద్దె మీరే కడుతున్నారు.

పైగా ఆ 7,200లో పెట్రోలు లేదు. లీటరుకు 15 కిలోమీటర్లు, లీటరు 110 రూపాయలు వేసుకున్నా 1,320. టోల్ మీదే. కారు హోటల్ దగ్గరికి తెచ్చివ్వాలంటే డెలివరీ ఛార్జి వేరే. డిపాజిట్ తిరిగి వస్తుందిగానీ, వచ్చేదాకా ఆ డబ్బు మీ చేతిలో ఉండదు. యాప్‌లో చివరి పేజీ దాకా వెళ్తే తప్ప ఇవన్నీ కనపడవు. కాబట్టి డబ్బు కట్టే బటన్ ముందు పేజీ దాకా వెళ్ళి, అక్కడున్న అంకెనే అసలు ధర అనుకోండి. మీ విషయంలో అది తొమ్మిది వేలకు అటూ ఇటూ తేలుతుంది.

ఇప్పుడు రెండో వైపు చూద్దాం. ఇవి నేను ఉజ్జాయింపుగా వేసుకున్న అంకెలు. మీకు ఎవరైనా కచ్చితమైన రేటు చెబితే దాన్నే పెట్టుకోండి. పొద్దున క్యాబ్‌కు 500 చొప్పున మూడు రోజులకు 1,500. మొదటి, మూడో రోజు సాయంత్రాలు 600 చొప్పున 1,200. రెండో రోజు సాయంత్రానికి ట్రావెల్స్ వాళ్ళ దగ్గర డ్రైవర్‌తో సహా బండి, 8 గంటలు 80 కిలోమీటర్ల ప్యాకేజీ 2,500. మొత్తం 5,200. హైవే మీద స్టీరింగ్ పట్టుకునే టెన్షన్ కూడా మీకు ఉండదు.

ఆ ప్యాకేజీలో ఒక తిరకాసు ఉంది. ట్రావెల్స్ వాళ్ళు కిలోమీటర్లు లెక్కపెట్టేది మీరు ఎక్కిన చోటు నుంచి కాదు, బండి షెడ్డులోంచి బయల్దేరినప్పటి నుంచి మళ్ళీ షెడ్డుకు చేరేదాకా. షెడ్డు విజయవాడలో ఉంటే నీరుకొండకు ఖాళీగా వచ్చే 21 కూడా మీ ఖాతాలోనే పడుతుంది. 21, 27, 34 కలిపితే 82. అంటే మీరు పెద్దమ్మ గారింట్లో కాఫీ తాగేలోపే 80 ప్యాకేజీ చాలదని తేలిపోయింది. బుక్ చేసేముందు వాట్సాప్‌లో ఇలా అడగండి: ‘షెడ్డు నుంచి షెడ్డుకా, నేను ఎక్కిన చోటు నుంచా? 80 దాటితే కిలోమీటరుకు ఎంత? రాత్రి ఎన్నింటి తర్వాత డ్రైవర్ బత్తా? టోల్ ఎవరిది?’ ఫోన్‌లో అడిగితే ‘చూసుకుందాం మేడమ్’ అంటారు. రాతలో అడిగితే రాతలోనే జవాబు వస్తుంది. నాలుగు రూపాయలు తగ్గినా తగ్గొచ్చు.

ఇంతవరకూ చూస్తే క్యాబే నయమని తేల్చేయొచ్చు. కానీ అసలు చిక్కు డబ్బు దగ్గర లేదు, రాత్రి ఎనిమిదిన్నర దగ్గర ఉంది.

కొన్నేళ్ళ కిందట నేను ఇలాగే ఊరి బయట ఒక క్యాంపస్‌లో మీటింగ్‌కు వెళ్ళాను. భోజనాలయ్యేసరికి తొమ్మిది. గేటు బయట నిలబడి యాప్‌లో క్యాబ్ బుక్ చేశాను. ఒప్పుకున్న డ్రైవర్ ఫోన్ చేసి ‘ఎక్కడికి సార్, క్యాషా, ఆన్‌లైనా’ అన్నాడు. చెప్పాను. తెరమీద కారు బొమ్మ కృష్ణకు అవతలి ఒడ్డునే ఉంది. పది నిమిషాలైనా వారధి ఎక్కదు. తర్వాత క్యాన్సిల్. రెండోవాడూ అంతే. మూడోవాడు అసలు ఫోనే ఎత్తలేదు. బ్యాటరీ 11 శాతం. చివరికి వాచ్‌మన్ జాలిపడి పక్క ఊళ్ళో ఉన్న తమ్ముడి ఆటో పిలిపించాడు. డ్రైవర్ల తప్పు కూడా లేదనుకోండి. అంత దూరం ఖాళీగా వచ్చి, ఒక్క బేరం కోసం ఎవరు కదులుతారు?

కాబట్టి మీరు చేయాల్సిన పరీక్ష ఇది. ఇప్పుడే, విశాఖలో ఇంట్లో కూర్చుని, రాత్రి ఎనిమిదిన్నరకు క్యాబ్ యాప్ తెరవండి. ఎక్కే చోటు దగ్గర క్యాంపస్ గేటు, దిగే చోటు దగ్గర బెంజి సర్కిల్ పెట్టండి. బుక్ చేయొద్దు. రేటు ఎంత చూపిస్తోంది, బండి ఎన్ని నిమిషాల్లో వస్తుందంటోంది, చుట్టుపక్కల కారు బొమ్మలు ఎన్ని ఉన్నాయి, ఇవి చూసి స్క్రీన్‌షాట్ తీసుకోండి. సదస్సు వారంలో ఏ రోజుల్లో ఉందో అవే రోజుల్లో, రెండు మూడు సార్లు చూడండి. రేటు చూపించినంత మాత్రాన బండి ఉన్నట్టు కాదు, కారు బొమ్మలే నమ్మండి. అసలు కనపడకపోతే సాయంత్రాలకు కూడా ట్రావెల్స్ బండే ముందుగా మాట్లాడుకోండి. పొద్దున పూట ఈ బెంగ లేదు, విజయవాడలో క్యాబ్‌లకు కొదవ లేదు.

టైమ్ లెక్కకు గూగుల్ మ్యాప్స్‌లో ఒక సదుపాయం ఉంది, చాలామంది వాడరు. దారి చూపించాక మూడు చుక్కలు నొక్కితే బయల్దేరే టైమ్ లేదా చేరాల్సిన టైమ్ పెట్టుకునే ఆప్షన్ వస్తుంది. ‘సోమవారం తొమ్మిదికి చేరాలి’ అని పెడితే, ఆ రోజు ఆ వేళకు మామూలుగా ఉండే ట్రాఫిక్‌ను బట్టి ఎప్పుడు బయల్దేరాలో చెబుతుంది. మధ్యాహ్నం రెండింటికి ఉత్తినే చూసి ‘నలభై నిమిషాలే’ అనుకుని బయల్దేరితే వారధి మీద బుద్ధొస్తుంది.

ఇంకో మాట. నిర్వాహకులకు ఒక మెయిల్ పెట్టి విజయవాడ వైపు వాళ్ళ బస్సు ఏదైనా ఉందేమో అడగండి. ఉంటే పైన రాసిందంతా అనవసరం. హోటల్‌ను మంగళగిరికి మార్చుకోగలిగితే దూరం సగానికి పైగా తగ్గిపోతుంది, అక్కడ ఆటో కూడా దొరుకుతుంది. గుంటూరు నుంచి తిరుగు ప్రయాణానికి కారే కావాలని లేదు, ఆర్టీసీ బస్సులు వస్తూనే ఉంటాయి. మీరు ఆంధ్రప్రదేశ్ వాసి కాబట్టి 2025 ఆగస్టు 15 నుంచి అమల్లో ఉన్న స్త్రీ శక్తి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్‌కు డబ్బు అక్కర్లేదు, ఆధార్ చూపించి సున్నా టికెట్ తీసుకుంటే చాలు. నాన్‌స్టాప్ ఎక్కితే మాత్రం డబ్బు పెట్టి టికెట్ కొనాల్సిందే. గుంటూరు దాకా క్యాబ్, అక్కణ్ణుంచి బస్సు అనుకుంటే ఆ 2,500 ప్యాకేజీలో కొంత మిగులుతుంది. నేనైతే అదే చేస్తాను.

సెల్ఫ్ డ్రైవ్ ఎప్పుడు లాభమంటే, మీ కాలేజీ నుంచి నలుగురు వస్తున్నప్పుడు. లేదా సదస్సు అయ్యాక అదే ఊపులో బాపట్ల సూర్యలంక బీచ్‌కో, నాగార్జునసాగర్‌కో వెళ్ళాలనుకున్నప్పుడు. అప్పుడు కళ్ళు మూసుకుని తీసుకోండి. కాదు, కళ్ళు తెరిచే తీసుకోండి. ముఖ్యంగా నంబర్ ప్లేట్ వైపు. సెల్ఫ్ డ్రైవ్‌కు లైసెన్సుతో అద్దెకిచ్చే పెట్రోలు, డీజిల్ కారుకు నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలు ఉంటాయి. డ్రైవర్‌తో వచ్చే ట్యాక్సీకి పసుపు ప్లేటు మీద నల్ల అక్షరాలు. తెల్ల ప్లేటు సొంత కారుది. తెలిసినవాళ్ళ ద్వారా ‘మన బండే, తీసుకోండి’ అని తెల్ల ప్లేటు కారు అద్దెకిస్తారు. సొంత కారు బీమా పాలసీలో అద్దెకు తిప్పితే వర్తించదని రాసి ఉంటుంది. ప్రమాదం జరిగిన రోజు బీమా కంపెనీ ఆ ముక్కే వేలు పెట్టి చూపిస్తుంది. కేంద్ర ప్రభుత్వపు ఎంపరివాహన్ యాప్‌లో బండి నంబర్ కొడితే అది ఏ తరగతి బండో, బీమా, ఫిట్‌నెస్ ఎప్పటిదాకా ఉన్నాయో వస్తుంది. ఏ యాప్ మంచిదని అడిగారు కదా, నా జవాబు ఈ యాపే.

తాళం తీసుకునేటప్పుడు వీడియో తీయండి. మధ్యలో ఆపకుండా ఒకే వీడియో. మీటర్ రీడింగ్, పెట్రోలు ముల్లు, అద్దం, నాలుగు చక్రాలు, స్టెప్నీ. వంగి బంపర్ అడుగు భాగం కూడా తీయాలి. నేను చుట్టూ తిరిగి తీశాను కానీ వంగలేదు. కారు తిరిగిచ్చేటప్పుడు సరిగ్గా అక్కడే గీత చూపించి డిపాజిట్‌లో కోసుకున్నారు. ఆ గీత నాదో, నా ముందువాడిదో నాకు ఇప్పటికీ తెలియదు.

ప్రశ్న: పెళ్ళి పనులకు కారు అద్దెకు తీసుకుని, పాటల కోసం నా ఫోన్ బ్లూటూత్‌కు కలిపాను. అప్పుడు కాంటాక్ట్స్‌కు అనుమతి అడిగితే సరే అన్నాను. కారు తిరిగిచ్చేశాక గుర్తొచ్చింది. నా నంబర్లన్నీ అందులోనే ఉండిపోయాయా? – గుంటూరు

జవాబు: చాలా కార్లలో ఆ జాబితా మీ ఫోన్ మళ్ళీ కలిస్తేనే తెరమీదకు వస్తుంది. అలాగని దాని జ్ఞాపకంలోంచి పోయిందని హామీ లేదు. మీ ఫోన్ పేరు, కారు సొంత మ్యాప్‌లో వెతికిన చిరునామాలు మాత్రం తర్వాతివాళ్ళకు కనపడొచ్చు. ఇంట్లో కూర్చుని వాటిని చెరపలేరు. అద్దెకిచ్చిన వాళ్ళకు ఫోన్ చేసి బ్లూటూత్ జాబితాలోంచి మీ ఫోన్ తీసేయమని అడగడమే దారి. కారు తెరమీదే మీ గూగుల్ ఖాతాతో లాగిన్ అయి ఉంటే, ఫోన్‌లో గూగుల్ ఖాతా సెట్టింగ్స్‌లో మీ పరికరాల జాబితాకు వెళ్ళి ఆ కారును సైన్ అవుట్ చేయండి. ఈసారి కాంటాక్ట్స్ అడిగితే వద్దనండి, పాటలకు అవి అక్కర్లేదు. తాళం ఇచ్చే ముందు కారులోనూ ఫోన్‌లోనూ జతను తీసేయండి.

ప్రశ్న: బెంజి సర్కిల్ దగ్గర పోలీసులు ఆపితే ఫోన్‌లో లైసెన్సు ఫొటో చూపించాను. చెల్లదన్నారు. ఫోన్‌లో లైసెన్సు చెల్లుతుందని మీరే రాశారు కదా? – విజయవాడ

జవాబు: రాశాను, కానీ గ్యాలరీలో ఫొటో గురించి కాదు. డిజిలాకర్‌లో గానీ ఎంపరివాహన్‌లో గానీ ఉన్న లైసెన్సు, ఆర్‌సీ అసలు పత్రాలతో సమానమని 2018 చివర్లో కేంద్ర మోటారు వాహన నిబంధనలు మార్చారు. ఫొటో జిరాక్సుతో సమానం. బయల్దేరే ముందే ఆ యాప్ తెరిచి లాగిన్ అయ్యి ఉండండి. రోడ్డు పక్కన నిలబడి ఓటీపీ కోసం సిగ్నల్ వెతుక్కుంటుంటే ఎంత మంచి కానిస్టేబుల్‌కైనా ఓపిక పోతుంది.

ప్రశ్న: నా కారు ఫాస్టాగ్‌కు యాన్యువల్ పాస్ ఉంది. అద్దె కారులో కాజ టోల్ మీదుగా వెళ్ళేటప్పుడు ఆ ట్యాగ్ పీకి పట్టుకెళ్ళొచ్చా? – మంగళగిరి

జవాబు: వద్దు. ట్యాగ్ మీ బండి నంబర్‌కు కట్టి ఉంటుంది. అద్దానికి అంటించకుండా చేత్తో పట్టుకుని చూపిస్తే బ్లాక్‌లిస్టులో పెడతారు. ఆ పాస్ కూడా సొంత వాడకపు కార్లకే, అదీ 200 సార్లు లేదా ఏడాది, ఏది ముందైతే అది. అద్దె కారుకు వాళ్ళ ట్యాగే ఉంటుంది, బ్యాలెన్స్ ఎంతుందో తాళం తీసుకునేటప్పుడే అడగండి. ట్యాగ్ పనిచేయకపోతే 2025 నవంబరు 15 నుంచి యూపీఐతో కడితే ఒకటింపావు రెట్లు. వంద రూపాయల టోల్‌కు 125 అన్నమాట, అదీ అప్పుడు మీ ఫోన్‌లో ఛార్జింగ్ ఉంటేనే.