ప్రెస్ నోట్‌తో ఎలాంటి ఫొటోలు పంపితే పత్రికల్లో వేస్తారు?

ప్రెస్ నోట్లు ఎన్ని పంపినా రావడం లేదు, ఫొటోలు జత చేస్తే వేస్తారా అని అడిగారు. ఏదో ఒకటి జత చేస్తే వెయ్యరండి. నేను కొన్నేళ్లు న్యూస్ డెస్క్‌లో పనిచేశాను, ఇప్పుడు చిన్న సంస్థలకు ప్రెస్ నోట్లు రాసిపెడుతున్నాను. రెండువైపులా చూశాను కాబట్టి చెప్తున్నా.

డెస్క్‌కి వచ్చిపడే వాటిలో ఎక్కువ భాగం రిబ్బన్ కత్తిరింపులు, బొకేలు, బ్యానర్ ముందు వరసగా నిలబడ్డవాళ్లు. అవి చూసి చూసి విసుగెత్తిపోతుంది. మీ దగ్గర జరిగే పనిని, అది చేసే మనిషిని చూపించండి. సంగీత వాద్యాలు బాగుచేసే ఒక సంస్థ గ్రూప్ ఫొటో పంపితే ఎక్కడా ఉలుకూ పలుకూ లేదు. తర్వాత వాళ్ల పనివాడు పంటి డాక్టర్లు వాడే బుల్లి అద్దాన్ని వయొలిన్ రంధ్రంలోంచి లోపలికి పెట్టి పగులు వెతుకుతుండగా తీయించాం. ఫ్లాష్ లేదు, కిటికీ వెలుగే. నోట్‌లో ఒక్క ముక్క మార్చలేదు. ఒక పత్రికలో ప్రత్యేక కథనాలు చూసే ఫీచర్స్ డెస్క్ నుంచి ఫోన్ వచ్చింది. "ఆ అద్దం దేనికండీ?" అన్నదే వాళ్ల మొదటి ప్రశ్న.

ఫొటో మీద లోగో, వాటర్‌మార్క్ వేయకండి, ప్రకటనలా ఉంటే పక్కన పడేస్తారు. వెనకున్న చెత్తాచెదారం సాఫ్ట్‌వేర్‌తో చెరిపేయొద్దు. అసోసియేటెడ్ ప్రెస్, రాయిటర్స్ లాంటి అంతర్జాతీయ వార్తా సంస్థలు వార్తా ఫొటోల్లో ఏదైనా కలపడాన్నీ, తీసేయడాన్నీ ఒప్పుకోవు. తీసేముందే చీపురు పట్టుకోవడం సుఖం.

అచ్చుకి సాధారణంగా అంగుళానికి 300 పిక్సెళ్లు అడుగుతారు. అంటే 10 అంగుళాల వెడల్పు రావాలంటే 3000 పిక్సెళ్లు. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో కుదించుకుపోతుంది, డాక్యుమెంట్‌గా పంపండి. మెయిల్‌లో అయితే చిన్న సైజుది ఒకటి జత చేసి, పెద్దవాటికి లింక్ ఇవ్వండి. ఆ లింక్ పర్మిషన్ అడక్కుండా తెరుచుకోవాలి. రాత్రి పేజీ పెట్టే మనిషి మీరు నిద్ర లేచేదాకా ఆగడు. అడ్డం ఒకటి, నిలువు ఒకటి ఉంటే పేజీలో ఎక్కడ ఖాళీ ఉన్నా ఇమిడిపోతుంది.

క్యాప్షన్ దగ్గరే చాలామంది బద్ధకిస్తారు. ఎవరు, ఏం చేస్తున్నారు, ఎప్పుడు, ఎక్కడ, ఎడమ నుంచి కుడికి పేర్లు, ఫొటో తీసిందెవరు, ఇవన్నీ రాయాలి. మీడియాకి ఇవ్వడానికి ఫొటోగ్రాఫర్ దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. డబ్బులిచ్చాం కదా అని ఊరుకోవద్దు, ఫొటో మీద హక్కు ఎవరిదో చెప్పే కాపీరైట్ చట్టం దేశానికో తీరుగా ఉంటుంది.

ఇంకోటి, పోటీ పత్రికలకి ఒకే ఫొటో పంపకండి. ఒకే పనిని వేరే కోణాల్లో తీసి తలా ఒకటి ఇవ్వండి.