చలికాలంలో అమ్మానాన్నలతో మూడు రోజులు వియన్నా: ఎలా ప్లాన్ చేసుకోవాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: డిసెంబర్‌లో హైదరాబాద్ నుంచి అమ్మానాన్నలను తీసుకుని ఆస్ట్రియా రాజధాని వియన్నా వస్తున్నారు. నాలుగు రాత్రులు, నిండుగా మూడు పగళ్లు. చెక్ రాజధాని ప్రాగ్, ఆస్ట్రియా కొండల్లోని హాల్‌స్టాట్ ఊరు కూడా కలుపుకోవచ్చా, పెద్దవాళ్లు చలికి ఆగగలరా, శాకాహారం దొరుకుతుందా అని అడిగారు. నేను ఉండేది మ్యూనిక్‌లో, ఇక్కడి నుంచి వియన్నాకు రైల్లో నాలుగు గంటలు. విజయవాడ నుంచి మా అమ్మానాన్నలు చలికాలంలో వచ్చినప్పుడు వాళ్లను అక్కడికే తీసుకెళ్లాను. ఆ అనుభవంతో రాస్తున్నాను, కొంచెం పెద్ద జవాబే అవుతుంది.

ప్రాగ్, హాల్‌స్టాట్ రెండూ తీసేయండి. డిసెంబర్ మూడో వారంలో వియన్నాలో ఉదయం 7.40 దాటితే గానీ సూర్యుడు రాడు, సాయంత్రం 4 గంటలకల్లా వెళ్లిపోతాడు. మబ్బు పట్టిన రోజైతే మూడున్నరకే లైట్లు వేసుకుంటారు. చెప్పుకోవడానికి మూడు రోజులున్నా, కళ్లారా బయట చూడగలిగే సమయం రోజుకు ఆరేడు గంటలే. హాల్‌స్టాట్‌కు ఒక్క వైపే మూడున్నర గంటలు పడుతుంది, ప్రాగ్‌కు నాలుగు. అక్కడికి చేరి వేడిగా ఏదైనా తాగి బయటికొచ్చేసరికి చీకటి పడుతుంది. డబ్బు, ఓపిక రెండూ రైలు కిటికీ పక్కనే ఖర్చవుతాయి. మరో ఊరు చూసి తీరాలని నాన్నగారు పట్టుబడితే స్లొవేకియా రాజధాని బ్రాటిస్లావా ఉంది, రైల్లో గంట. నన్నడిగితే అది కూడా వద్దంటాను.

అందుకే వియన్నా ప్లాన్ రాసుకునేటప్పుడు చూడాల్సిన చోట్ల పేర్ల కంటే ముందు వెలుతురు లెక్క వేసుకోండి. ఉదయం పది నుంచి మూడున్నర దాకా తోటలు, వీధులు, చర్చిలు. ఆ తర్వాత మ్యూజియం, కాఫీ హౌస్, ట్రామ్, క్రిస్మస్ సంతలు. చీకటి పడ్డాక ఈ ఊరు ఇంకా అందంగా ఉంటుంది కాబట్టి నాలుగింటికే హోటల్‌కు వెళ్లిపోయే పని లేదు.

షోన్‌బ్రున్ ప్యాలెస్‌కు పొద్దున్నే వెళ్లండి. లోపలికి వెళ్లే టికెట్‌కు సమయం ముందే ఖాయం చేస్తారు, ఉదయం తొమ్మిది, తొమ్మిదిన్నర మధ్యది తీసుకోండి. ప్యాలెస్‌లో 1441 గదులు ఉన్నాయంటారు, సందర్శకులకు చూపించేవి నలభై దాకా. 1762లో ఆరేళ్ల మోజార్ట్ మహారాణి మరియా తెరీసా ముందు వాయించింది ఈ ప్యాలెస్‌లోనే. అవన్నీ చూసి బయటికి వచ్చేసరికి వెలుతురు బాగా వస్తుంది, అప్పుడు తోటలోకి నడవండి. తోటకు టికెట్ లేదు. చలికాలంలో పూలు ఉండవు, కానీ ఆకులు రాలిన చెట్ల వరసల మధ్య నుంచి కొండమీది గ్లోరియెట్ మంటపం స్పష్టంగా కనిపిస్తుంది. ఆ ఎక్కుడు దారి పెద్దవాళ్లకు నిదానంగా పావుగంట, ఇరవై నిమిషాలు. మోకాళ్ల నొప్పులుంటే కింద నుంచే చూసి, అదే తోటలో ఉన్న పామ్ హౌస్‌కు తీసుకెళ్లండి. 1882లో ఇనుము, గాజుతో కట్టిన భారీ కట్టడం అది, ఉష్ణమండలపు మొక్కల కోసం లోపల వెచ్చగా ఉంచుతారు. అడుగు పెట్టగానే కళ్లద్దాలు మసకబారతాయి. మా అమ్మ వియన్నాలో అన్నిటికంటే ఎక్కువసేపు కూర్చున్నది అక్కడే. దానికి వేరే టికెట్ ఉంటుంది, ఆ డబ్బుకు వెనకాడకండి. చలిలో మూడు గంటలు తిరిగిన పెద్దవాళ్లకు అరగంట వెచ్చదనం దొరికితే మిగతా రోజంతా నిలబడగలుగుతారు.

ఇక నేను మనస్ఫూర్తిగా చెప్పదలచుకున్నది కున్స్‌ట్‌హిస్టారిషెస్ మ్యూజియం గురించి. ఆస్ట్రియాను ఏలిన హాబ్స్‌బర్గ్ రాజులు తరతరాలుగా పోగేసిన కళాఖండాల కోసం కట్టి 1891లో తెరిచారు. గురువారాల్లో రాత్రి తొమ్మిది దాకా తెరిచే ఉంటుంది. మీ మూడు రోజుల్లో గురువారం వచ్చేలా చూసుకోండి, ఆ సాయంత్రం అంతా దీనికే ఇవ్వండి. అక్కడ చిత్రకారుడు పీటర్ బ్రూగెల్ వేసిన చిత్రాలు పన్నెండు దాకా ఉన్నాయి, ప్రపంచంలో ఇన్ని మరెక్కడా ఒక్కచోట లేవు. వాటిలో 1565లో వేసిన 'మంచులో వేటగాళ్లు' ముందు ఒక పది నిమిషాలైనా నిలబడండి. ముగ్గురు వేటగాళ్లు భుజాలు వంచుకుని కుక్కలతో ఇంటిముఖం పట్టి ఉంటారు, ముగ్గురికీ కలిపి దొరికింది ఒక్క చిన్న నక్క. కింద లోయలో గడ్డకట్టిన చెరువుల మీద ఊరి జనం ఆడుకుంటుంటారు. ఆకాశానికీ ఆ గడ్డకట్టిన చెరువులకూ ఒకటే ఆకుపచ్చ ఛాయ. పగలంతా ఆ చలిలో తిరిగి, చెవులు ఇంకా చల్లగా ఉండగానే ఆ బొమ్మ ముందు నిలబడితే, వేసవిలో వచ్చినవాళ్లకు అందనిదేదో అందుతుంది. మా నాన్న బొమ్మల జోలికి పోయే మనిషి కాదు. ఆయనే ఆ చెరువు మీద మనుషుల్ని ఒక్కొక్కరినీ వేలితో చూపిస్తూ, వీడు పడిపోయాడు చూడు, ఈవిడ బండి లాగుతోంది చూడు అంటుంటే, కాపలా ఆయన వచ్చి కొంచెం దూరం జరగమన్నాడు.

ఆ మ్యూజియానికి ఎదురుగా అచ్చం దానిలాగే ఉండేది నేచురల్ హిస్టరీ మ్యూజియం. 1908లో ఆస్ట్రియాలోనే విల్లెన్‌డార్ఫ్ అనే ఊరి దగ్గర దొరికిన చిన్న రాతి స్త్రీ విగ్రహం ఇందులో ఉంది. ఎత్తు 11 సెంటీమీటర్లే గానీ వయసు దాదాపు 30 వేల ఏళ్లు. ఇది మంగళవారం సెలవు. కున్స్‌ట్‌హిస్టారిషెస్‌కు మామూలుగా చలికాలంలో సోమవారం సెలవు, పండగ వారాల్లో మార్పులుంటాయి. టికెట్ కొనేముందు వాళ్ల వెబ్‌సైట్‌లో మీ తేదీలు పెట్టి చూసుకోండి. చిత్రకారుడు క్లిమ్ట్ వేసిన 'ముద్దు' చిత్రం ఎగువ బెల్వెడేర్ ప్యాలెస్‌లో ఉంది, దానికీ సమయం ఖాయం చేసుకుని వెళ్లాలి. పెద్దవాళ్లతో ఒకే రోజు రెండు మ్యూజియాలు మాత్రం పెట్టుకోకండి.

సెయింట్ స్టీఫెన్ కెథెడ్రల్ ఊరి నడిబొడ్డున ఉంటుంది. దక్షిణ గోపురం 136 మీటర్లు, 343 మెట్లు, లిఫ్ట్ లేదు. ఉత్తర గోపురానికి లిఫ్ట్ ఉంది, పైన పుమ్మెరిన్ అనే పెద్ద గంట ఉంటుంది, బరువు 20 టన్నుల పైనే. పాత గంటను, 1683లో వియన్నాను ముట్టడించిన తుర్కులు వదిలేసిన ఫిరంగులను కరిగించి పోశారు. అది 1945 మంటల్లో పగిలిపోతే, ఆ ముక్కలనే మళ్లీ కరిగించి ఇప్పటి గంట చేశారు. కొత్త సంవత్సరం అడుగుపెట్టే అర్ధరాత్రి దేశమంతా రేడియోలో వినేది ఈ గంటనే. రంగు పెంకులతో అల్లిన కప్పును దగ్గరగా చూడాలంటే ఆ లిఫ్టే మంచిది. పైన గాలి చెవులు కోస్తుంది, మంకీ క్యాప్ మర్చిపోవద్దు.

చీకటి పడ్డాక చేయదగ్గ పని ఒకటి చెబుతాను, ఖర్చు మామూలు ట్రామ్ టికెట్టే. పాత కోటగోడలను పడగొట్టి ఆ స్థలంలో పెద్ద రోడ్డు వేయమని చక్రవర్తి ఫ్రాంజ్ జోసెఫ్ 1857లో ఆజ్ఞాపించాడు. అదే రింగ్‌ష్ట్రాసె. ష్వేడెన్‌ప్లాట్స్ దగ్గర 2వ నంబరు ట్రామ్ ఎక్కి ఒపెరా దగ్గర దిగండి. అక్కడ 1వ నంబరు ఎక్కితే మ్యూజియాలు, పార్లమెంటు, టౌన్‌హాల్ మీదుగా తిరిగి ష్వేడెన్‌ప్లాట్స్‌కే తెస్తుంది. దీపాల వెలుగులో ఆ భవనాలన్నీ వెచ్చని సీట్లో కూర్చుని చూడొచ్చు. టూరిస్టు బస్సుకు వేరే డబ్బు పెట్టనక్కర్లేదు. కాగితం టికెట్‌కు మాత్రం మొదటిసారి వాడేటప్పుడు మెషీన్‌లో ముద్ర వేయించాలి, ట్రామ్‌లో ఆ మెషీన్ లోపలే ఉంటుంది. మెట్రోలో గేట్లు ఉండవు, అలాగని ఎవరూ చూడరనుకోవద్దు. ముద్ర లేకుండా దొరికితే జరిమానా 100 యూరోలకు పైనే, పెద్దవాళ్లని వదిలిపెట్టరు. ఎయిర్‌పోర్టు నుంచి ఊళ్లోకి ఎస్7 లోకల్ రైలు గానీ రైల్‌జెట్ అనే వేగం రైలు గానీ చాలు. క్యాట్ అనే ప్రత్యేక రైలు కొన్ని నిమిషాలు ఆదా చేసి చాలా ఎక్కువ వసూలు చేస్తుంది.

క్రిస్మస్ సంతల్లో టౌన్‌హాల్ ముందుది అన్నిటికన్నా పెద్దది, నవంబర్ మధ్య నుంచి డిసెంబర్ 26 దాకా ఉంటుంది. శని ఆదివారాల సాయంత్రం అక్కడ అమ్మానాన్నల చెయ్యి వదలలేనంత జనం. మామూలు రోజున నాలుగింటికి, దీపాలు వెలిగే వేళకు వెళ్లి ఐదున్నరకల్లా బయటపడండి. నాకు మాత్రం కార్ల్స్‌కిర్షె చర్చి ముందు పెట్టే సంతే ఇష్టం. చేత్తో చేసిన వస్తువులు చేసినవాళ్లే అమ్ముతుంటారు, జనం తక్కువ, వెనకాల ఆకుపచ్చ గుమ్మటం. పుంచ్ అని వేడిగా ఇచ్చేదాంట్లో మద్యం ఉంటుంది. అమ్మగారికి కిండర్‌పుంచ్ అని అడిగి తీసుకోండి, అది పిల్లలు తాగేది. కప్పుకు డిపాజిట్ కలిపి తీసుకుంటారు, తిరిగి ఇస్తే వెనక్కి ఇచ్చేస్తారు.

తిండి గురించి భయం వద్దు గానీ అడగకుండా ఏదీ తినిపించొద్దు. కూరగాయల సూప్ అని రాసి ఉన్నా గొడ్డుమాంసం ఉడికించిన నీళ్లతో చేసినది కావచ్చు. గుడ్డు కూడా తినని వాళ్లయితే మరింత జాగ్రత్త. కైజర్‌ష్మార్న్ అనే తీపి అట్టులోనూ, జున్నుతో చేసే ష్పెట్స్‌లెలోనూ గుడ్డు ఉంటుంది. సంతల్లో దొరికే లాంగోష్ మన భటూరాకి అన్నలా ఉంటుంది, పైన వెల్లుల్లి నూనె రాస్తారు, మా నాన్న అదే అడిగి అడిగి తిన్నారు. కాల్చిన చెస్ట్‌నట్లు, బంగాళదుంపలు ప్రతి మూలా ఉంటాయి. నాష్‌మార్క్ట్ బజారులో ఫలాఫెల్, హమ్మస్ దండిగా దొరుకుతాయి, ఆదివారం ఉండదు. ఆదివారం అసలు దుకాణాలే తెరవరు. పాలు, పెరుగు, రొట్టె కావాలంటే హాప్ట్‌బాన్‌హోఫ్ లాంటి పెద్ద రైల్వే స్టేషన్లలోని సూపర్ మార్కెట్లే గతి. డిసెంబర్ 24 మధ్యాహ్నం తర్వాత కూడా అంతే. కాబట్టి చిన్న వంటగది ఉన్న గది తీసుకుని, పొడులు, ఊరగాయ, అటుకులు, బియ్యం సర్దుకుని రండి. రోజూ ఒక పూట ఇంటి అన్నం తింటే పెద్దవాళ్ల ఉత్సాహం నిలబడుతుంది. మంచినీళ్ల సీసాలు కొనకండి. కుళాయి నీళ్లు ఆల్ప్స్ కొండల ఊటల నుంచి వస్తాయి, మొదటి కాలువ 1873లో, రెండోది 1910లో తెరిచారు. 

మధ్యాహ్నం ఒకసారి కాఫీ హౌస్‌లో కూర్చోండి. కఫే సెంట్రల్ ముందు చలిలో క్యూ కడతారు, అది పెద్దవాళ్లకు పనికిరాదు. 1880 నాటి కఫే ష్పెర్ల్ అంతే పాతకాలపుది, పెద్ద కిటికీలు, బిలియర్డ్స్ బల్లలు. మెలాంజ్ అనే పాల కాఫీ అడిగితే వెండిరంగు పళ్లెంలో పక్కన మంచినీళ్ల గ్లాసుతో తెస్తారు. గంటసేపు కూర్చున్నా లేవమనరు.

చలి సంగతి. డిసెంబర్‌లో మామూలుగా సున్నా డిగ్రీలకు కాస్త అటూ ఇటూ ఉంటుంది, కానీ వియన్నాలో గాలి ఎక్కువ, అదే వణికిస్తుంది. లావుపాటి కోటు ఒకటి కొనేకంటే పలుచని పొరలు మూడు మేలు, ఎందుకంటే లోపలికి అడుగుపెడితే ప్రతి చోటా హీటర్లు, కోటు విప్పాల్సిందే. అమ్మగారు చీరే కడతానంటే లోపల థర్మల్ లెగ్గింగ్స్, ఉన్ని సాక్సులు వేయించండి, మా అమ్మ అలాగే తిరిగింది. డబ్బంతా పెట్టాల్సింది బూట్ల మీద. అడుగుభాగం జారనిది, కాలి వేళ్లకు చోటున్నది కొనండి, హైదరాబాద్‌లోనే కొని ఓ రెండు వారాలు వేసి తిప్పండి. హీటర్ గాలికి చర్మం పగులుతుంది. కొబ్బరినూనె సీసాలోనే గడ్డకడుతుంది కాబట్టి క్రీమ్ తెచ్చుకోండి.

వీసాకు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు చేయొచ్చు, ఆఖరు గడువు 15 రోజుల ముందు. డిసెంబర్‌కైతే సెప్టెంబర్‌లోనే అపాయింట్‌మెంట్ తీసుకోండి. పెద్దలకు ఫీజు 90 యూరోలు, ఇన్సూరెన్స్ కనీసం 30 వేల యూరోలకు ఉండాలి. అమ్మానాన్నలకు బీపీ, షుగర్ ఉంటే, ముందునుంచీ ఉన్న జబ్బులకు వర్తించే పాలసీయే తీసుకోండి. మందులు చేతి సంచిలో, డాక్టర్ చీటీతో సహా పెట్టుకోండి.

తేదీలు ఇంకా మార్చుకోగలిగితే, సంతలు చూడాలనుంటే డిసెంబర్ 10 తర్వాత, శని ఆదివారాలు కాని రోజులు మంచివి. అవి లేకపోయినా ఫర్వాలేదంటే జనవరి రెండో సగం చూడండి. హోటళ్లు చౌక, మ్యూజియాల్లో జనం తక్కువ, టౌన్‌హాల్ ముందు మంచు మీద స్కేటింగ్ మైదానం వేస్తారు, పగలు కూడా అరగంట నుంచి గంట దాకా పెరుగుతుంది. ఏ వారం ఖాయం చేసుకున్నారో, ఏ రోజు దిగుతున్నారో ఇక్కడే రాయండి. మ్యూజియాల సెలవులు చూసుకుని ఏ రోజు ఎక్కడికో వరసగా వేసి ఇస్తాను.